జపాన్ చుట్ట బొమ్మకి గాజు ఫ్రేమ్ కట్టమంటున్నారు, చుట్టూ ఉన్న గుడ్డ కోసేయొచ్చా?

కాకినాడ_ఫ్రేమ్స్:

అందరికీ నమస్కారం. కాకినాడలో మాది పటాలు కట్టే షాపు. దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు, తంజావూరు బొమ్మలు, ఏది తెచ్చినా కట్టి పంపడమే నాన్నగారి కాలం నుంచీ మా పని. మొన్న వచ్చిన దాని దగ్గర మాత్రం చెయ్యి ఆడటం లేదు.

పాత కస్టమర్ ఒకాయన పొడుగాటి చెక్కపెట్టె తెచ్చారు. వాళ్ళ మావగారు ఓడల్లో ఇంజనీరుగా చేసేవారట, యొకొహామా రేవులో కొన్నారట. ఆయన పోయాక అటక సర్దుతుంటే బయటపడింది. పెట్టెలో గుడ్డా కాగితం కలిపి చుట్టిన చుట్ట. విప్పితే మధ్యలో పట్టు మీద వేసిన బొమ్మ, అడ్డంగా రెండడుగులు, నిలువు అడుగున్నర లోపే. చుట్టూ బూడిద రంగు గుడ్డ. బొమ్మకి ఆనుకుని పైనా కిందా సన్నటి జరీ పట్టీ. పైన గుడ్డ బాగా ఎక్కువ, కింద తక్కువ. పైనుంచి రెండు పట్టీలు ఊరికే వేలాడుతున్నాయి, అవి దేనికో అర్థం కాలేదు. కింద గుండ్రటి కర్ర, దాని రెండు చివర్లా గుబ్బలు.

బొమ్మలో వెడల్పాటి నది. దూరంగా పొడవాటి చెక్క వంతెన, దాని మీద ఇసకేస్తే రాలనంత జనం. నీళ్ళ నిండా పడవలు. ముందువైపు కప్పు ఉన్న పెద్ద పడవ, కప్పు అంచున వరసగా కాగితపు లాంతర్లు. లోపల ఆడవాళ్ళు. ఒకామె తీగల వాయిద్యం వాయిస్తోంది, ఇంకొకామె అంచు మీదకి వాలి వేళ్ళు నీళ్ళలో పెట్టింది. పక్కన చిన్న పడవలో ఒకడు పుచ్చకాయ కోస్తున్నాడు. మరో పడవ నుంచి సన్నగా ఎర్రటి గీత ఒకటి పైకి లేచి వంగింది. మూలన గుండ్రటి చంద్రుడు.

కస్టమర్ కోరిక ఏంటంటే, పైనా కిందా గుడ్డ కోసేసి, బొమ్మని బోర్డుకి అంటించి, గాజు వేసి, బంగారు రంగు బీడింగ్‌తో హాల్లో సోఫా వెనక గోడకి పెట్టాలి. ఎదురుగా పెద్ద కిటికీ ఉంది.

గుడ్డ కోస్తే నష్టమా? ఫెవికాల్ పెట్టాలా, వేడి ప్రెస్‌లో పెట్టొచ్చా? అసలీ బొమ్మ దేని గురించి? కస్టమర్ గారు జపాన్ పెళ్ళి విందు అంటున్నారు. మా కుర్రాడేమో, లాంతర్లు వెలుగుతున్నాయి గానీ ఎక్కడా చీకటి లేదు, రంగు వెలిసిపోయిందేమో అంటున్నాడు. శనివారానికి ఇస్తానని ఒప్పుకున్నాను, టెన్షన్‌గా ఉంది.

గోదారి_గట్టు:

ముందు ఆ కత్తెర కింద పెట్టండి సార్. మా చుట్టాలింట్లో ఇలాగే పాత పట్టు బొమ్మని ప్లైవుడ్‌కి అంటించారు. వానాకాలానికి ప్లైవుడ్ ఉబ్బింది, దాంతో పాటు బొమ్మా చిరిగింది. ఇందులో ఏముందో నాకు తెలీదు. టోక్యో పిన్నిగారు ఇక్కడే ఎక్కడో ఉండాలి, ఆవిడ చూసేదాకా ఆగండి.

టోక్యో_పిన్ని:

వచ్చాను. కొయ్యకండి బాబూ. అంటించకండి. వేడి అసలే వద్దు. శనివారానికి కుదరదని ఫోన్ చేసి చెప్పేసి, తర్వాత ఇది చదవండి.

నేనుండేది నిషికసాయిలో, టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట. దుబాసీ పని నాది. ఆ పని మీదే ఇలాంటి చుట్టలు బాగుచేసే ఒక పెద్దాయన దుకాణానికి వెళ్ళడం మొదలైంది, ఇప్పుడు పని లేకపోయినా వెళ్ళి కూచుంటాను. ఇలా బొమ్మకి గుడ్డా కాగితం కట్టి చుట్టగా చేసేవాళ్ళని ఇక్కడ హ్యోగుషి అంటారు. మీ వృత్తే అనుకోండి, కాకపోతే మీ చేతిలో సుత్తీ మేకులూ, ఆయన చేతిలో బ్రష్షూ గంజీ.

ముందు బొమ్మ సంగతి. పెళ్ళీ కాదు, గిళ్ళీ కాదు. అది సుమిదా నది. ఊరు ఎడో, అంటే అప్పటి టోక్యో. వంతెన ర్యోగొకు వంతెన అయ్యుండాలి. అంతమంది కలిసి చేస్తున్న పని ఒక్కటే, సాయంత్రం పూట చల్లగాలికి కూచోవడం. ఇక్కడి ఎండాకాలం ఉక్క కాకినాడకి ఏమీ తీసిపోదు. అప్పట్లో చెక్క ఇళ్ళు, ఇరుకు సందులు. జూన్ వానలు వెనకపట్టగానే ఇంట్లో కూచోలేరు. పొద్దు వాలిందంటే ఊరంతా నది దగ్గరికే.

దానికీ ఒక లెక్క ఉండేది. పాత పంచాంగం ప్రకారం ఐదో నెల 28వ తేదీన నదిని తెరిచేవారు, ఎనిమిదో నెల 28తో మూసేవారు. ఆ మూడు నెలలే రాత్రిపూట పడవ షికార్లకీ, వంతెన కొసల్లో కొట్లు పొద్దుపోయేదాకా తెరిచి ఉంచడానికీ సర్కారు ఒప్పుకునేది. వాళ్ళ పాత నెల కూడా మన నెల మాదిరే అమావాస్య దాటాక మొదలవుతుంది. అంటే 28వ తేదీ మనకి బహుళ త్రయోదశి. నెల కూడా దాదాపు మన జ్యేష్ఠమే. చంద్రుడు లేని చీకటి రాత్రి, బాణసంచాకి ఇంకేం కావాలి! మీ బొమ్మలో నిండు చంద్రుడున్నాడంటున్నారు కాబట్టి అది నది తెరిచిన రాత్రి కాదు. మధ్యలో ఏదో పున్నమి చేరువలో మామూలు సాయంత్రం. నాకైతే అదే ఎక్కువ నచ్చింది. తెరిచిన రాత్రి బొమ్మలు కోకొల్లలు.

ఆ వంతెన కథ కూడా చెప్పాలి. 1657లో ఎడో తగలబడింది. ఆ పక్కన నది దాటడానికి వంతెన లేక, వెనక మంటలూ ముందు నీళ్ళూ అయి లెక్కలేనంత మంది చచ్చిపోయారు. మొత్తం మీద లక్ష మంది అని పాతకాలం నుంచీ చెప్పుకుంటారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఈ వంతెన కట్టారు. మళ్ళీ మంటలు ఇటు నుంచి అటు పాకకుండా వంతెన మొదట్లో పెద్ద ఖాళీ జాగా వదిలారు, అందులో పక్కా ఇల్లు కట్టకూడదు. ఊరి మధ్యలో ఖాళీ జాగా ఉంటే ఎవరు ఊరుకుంటారు? ఎప్పుడంటే అప్పుడు పీకేయగలిగే పందిళ్ళు వెలిశాయి. టీ కొట్లు, గారడీవాళ్ళు, వింత జంతువుల్ని చూపించి డబ్బులు పుచ్చుకునేవాళ్ళు. అగ్గికి భయపడి వదిలిన చోటు ఎడో మొత్తానికీ పెద్ద తిరునాళ్ళయి కూచుంది. మీ బొమ్మలో వంతెన కొసన చాపల కప్పులు కనిపిస్తే అవే.

కప్పున్న పెద్ద పడవని యకతాబునె అంటారు. డబ్బున్నవాళ్ళు అద్దెకి తీసుకుని వాయించేవాళ్ళని, వడ్డించేవాళ్ళని వెంట తెచ్చుకునేవారు. ఆమె చేతిలో ఉన్నది షమిసెన్, మూడు తీగలే ఉంటాయి, చూడండి. నా కళ్ళు మాత్రం ఎప్పుడూ ముందు పుచ్చకాయవాడి మీదకే పోతాయి. అలాంటి పడవల్ని ఉరో-ఉరో పడవలనేవారు. పెద్ద పడవల మధ్య తచ్చాడుతూ పళ్ళూ తినుబండారాలూ సారా అమ్ముకునేవి. మిగతా అందరూ గాలి పీల్చుకోవడానికి వస్తే వాడొక్కడూ ఒళ్ళొంచి పనిచేస్తుంటాడు. ఇలాంటి బొమ్మల్లో వాడు తరచుగా కనిపిస్తాడు.

ఎర్రటి గీత బాణసంచా. సన్నగా ఉందని అనుమానపడకండి. అప్పట్లో దొరికేవి సురేకారం, గంధకం, బొగ్గు. వాటితో వచ్చేది నారింజ రంగు నిప్పే. పచ్చా నీలమూ లాంటి రంగులు మెయిజీ కాలంలో, అంటే 1868 తర్వాత, విదేశీ రసాయనాలు వచ్చాకే పుట్టాయి. ఊళ్ళో అగ్గి భయం కాబట్టి నది మీదే కాల్చనిచ్చేవారు. ఖర్చు పడవల యజమానులూ, ఒడ్డునున్న భోజనశాలలవాళ్ళూ పెట్టుకునేవారు. కగియా, తమయా అని రెండు బాణసంచా దుకాణాలుండేవి, నచ్చిన దుకాణం పేరు పెట్టి జనం వంతెన మీద నుంచి గావుకేకలు పెట్టేవారు. 1843లో తమయా దుకాణంలో నిప్పు రాజుకుని చుట్టుపక్కల కాలిపోతే వాళ్ళని ఎడో నుంచే వెళ్ళగొట్టారు. దుకాణం పోయింది గానీ కేక పోలేదు. ఇప్పటికీ జూలై ఆఖరి శనివారం సుమిదా బాణసంచాకి వెళ్తే వెనక నుంచి ఎవరో ఒకరు "తమయా" అని సాగదీసి అరుస్తారు. నేనూ అరుస్తాను. ట్రాఫిక్కూ నది కంపూ భరించలేక 1961 తర్వాత ఆపేసి, 1978లో మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఇరవై వేల దాకా కాలుస్తారు.

మీ కుర్రాడి ప్రశ్న నాకు బాగా నచ్చింది. రంగు వెలవలేదు. ఆ కాలంవాళ్ళు ఇలాంటి బొమ్మల్లో సాధారణంగా రాత్రిని నలుపుతో చూపించరు. లాంతరు వెలిగించి, చంద్రుణ్ణి పెట్టి వదిలేస్తారు, మిగతాది మనం ఊహించుకోవాలి. మొహాల మీద నీడ కూడా వెయ్యరు. ఒకసారి ఓరగా వెలుతురుకి పెట్టి చంద్రుడి చుట్టూ చూడండి. పలచటి సిరా పూత కనిపించాలి. మామూలుగా చంద్రుడికి రంగు వెయ్యరు, చుట్టూ సిరా పూసి ఆ గుండ్రం మేరకి పట్టుని అలాగే వదిలేస్తారు.

ఇప్పుడు మీ కత్తెర దగ్గరికి వస్తాను. ఈ బొమ్మని ఏడాది పొడుగునా గోడ మీద ఉంచడానికి వెయ్యలేదు. ఇక్కడి పాత ఇళ్ళలో తొకొనొమ అని గోడలోకి చిన్న అర ఉంటుంది, అందులో ఒక్క చుట్ట వేలాడదీస్తారు. కాలం మారితే చుట్ట మారుతుంది. ఎండాకాలానికి నది, జలపాతం, మిణుగురులు. దయ్యాలు కూడా! చూస్తే ఒళ్ళు జల్లుమనాలని. టోక్యోలోనే యనకా అనే పేటలో జెన్‌షోఅన్ అనే గుడి ఉంది. కథలు చెప్పడంలో పెద్ద పేరున్న ఎన్‌చో (1839–1900) పోగేసిన దయ్యాల చుట్టలు ఏటా ఆగస్టులో అక్కడ బయటపెడతారు, మిగతా నెలలు పెట్టెల్లోనే. నేను వెళ్ళినప్పుడు బయట ముప్పై అయిదు డిగ్రీలు, లోపల కాళ్ళు లేని ఆడదయ్యం ఒకటి నా వంకే చూస్తోంది. నిజంగానే చల్లబడ్డాను.

మీ బొమ్మ పని కూడా అదే, గదిలో కూచున్నవాళ్ళకి కాస్త చల్లగా అనిపించేలా చెయ్యడం. నీళ్ళలో వేళ్ళు పెట్టిన ఆవిణ్ణి అందుకే మన వైపు కూచోబెట్టాడు. మే నెలలో ఆ వేళ్ళ వంక చూడండి, తెలుస్తుంది. అదే బొమ్మ సంక్రాంతికీ, దీపావళికీ, వర్షం పడుతున్నప్పుడూ సోఫా వెనకాలే ఉంటే రెండో ఏడాదికల్లా ఆ ఇంట్లో ఎవ్వరూ దాని వంక తలెత్తి చూడరు. పైగా ఎదురుగా కిటికీ. మ్యూజియంలవాళ్ళే ఇలాంటివి కొన్ని వారాలు పెట్టి తీసేస్తారు, వెలుతురుకి రంగులూ పట్టూ రెండూ దెబ్బతింటాయని.

చుట్ట కట్టిన తీరు మీలాంటివాళ్ళకి ముచ్చటేస్తుంది, అందుకని కాస్త వివరంగా చెప్తాను. జిగురు గోధుమ గంజి. అందులో ఒక రకాన్ని జాడీల్లో పోసి చల్లటి చోట పదేళ్ళ దాకా మాగబెడతారు, ఫురునొరి అంటారు. మాగేకొద్దీ అంటుకునే గుణం తగ్గిపోతుంది. వాళ్ళకి కావలసింది అదే! మాటిమాటికీ చుట్టి విప్పే వస్తువుకి గట్టి జిగురు పెడితే పెళుసెక్కి విరుగుతుంది. సరిగ్గా అంటదు కాబట్టి బరువైన బ్రష్షుతో వెనక నుంచి దబదబ కొట్టి కాగితాన్ని కాగితంలోకి దిగేస్తారు. ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. బొమ్మ వెనక ఇలా మూడు నాలుగు పొరలుంటాయి. కొన్ని తరాల తర్వాత ఇంకో హ్యోగుషి తడిపి, పొరలన్నీ ఊడదీసి, కొత్తవి వెయ్యగలిగేలా కడతారు. ఫెవికాల్ పెట్టారంటే ఆ దారి శాశ్వతంగా మూసేసినట్టే. ఇక రంగులు నిలిచేది జంతువుల చర్మం, ఎముకలు కాచి తీసిన బంక మీద. మీ ప్రెస్ వేడి దానికి పడదు. పైన వేలాడే రెండు పట్టీలు పాత ఆచారం, వాటితో పనేం లేదు, అలా వేలాడనివ్వండి.

పెట్టె మూత మీద సిరాతో రాతలున్నాయా? మూత లోపలివైపు కూడా చూసి ఫొటో పెట్టండి.

బొమ్మల_మాస్టారు:

పిన్నిగారూ, ఒక సందేహం. క్యోటోలో కామో నది మీద కూడా ఇలా సాయంత్రం చల్లగాలికి కూచుంటారు కదా. మీరు ఎడో అని అంత గట్టిగా ఎలా అంటున్నారు?

ఫ్రేమ్స్ గారికి ఒక మాట. మన చేర్యాల పటాలు కూడా మొదట చుట్టలే. ఖాదీ గుడ్డకి చింతగింజల అంబలి, తెల్లసుద్ద, బంక పట్టించి వేసేవారు. కథ చెప్పేవాడు పై నుంచి కిందికి ఒక్కో అడ్డవరస చూపిస్తూ రాత్రంతా చెప్పేవాడు. ఇప్పుడు కొనేవాళ్ళు గోడకి సరిపోయే ముక్క అడుగుతున్నారని ఆ పటాలు వేసే నకాషీలు చిన్నవి విడిగా వేసి ఇస్తున్నారు. వాటికి మీరు నిశ్చింతగా ఫ్రేమ్ కట్టుకోండి. కానీ కథ మొత్తం ఉన్న పాత పటం ఎవరైనా తెచ్చి మధ్యలో కోసి కట్టమంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి, నేనొచ్చి గొడవ పెట్టుకుంటాను.

టోక్యో_పిన్ని:

మాస్టారూ, కామో లోతు తక్కువ. అక్కడ షిజో అనే చోట నీళ్ళ మధ్యలోనే చెక్కబల్లలు వేసుకుని కూచునేవారు. బషో అనే కవి 1690లో చూసి రాశాడు, వెన్నెల వచ్చిన దగ్గర్నుంచి తెల్లారగట్ల దాకా నదిలో బల్లలు పరుచుకుని తాగుతూ తింటూ ఉంటారని. ఇప్పుడు ఒడ్డున ఎత్తుగా కట్టిన అరుగుల మీద హోటళ్ళవాళ్ళు వడ్డిస్తారు. ఒకసారి కూచున్నాను, బిల్లు చూశాక వచ్చిన చెమట ముందు ఆ గాలి చాల్లేదు. ఒసాకాలో తెంజిన్ పండక్కి పడవలుంటాయి గానీ అవి దేవుడి ఊరేగింపువి. కప్పు పడవలు, పొడుగాటి చెక్క వంతెన, బాణసంచా, అమ్ముకునేవాడు, ఇన్ని ఒక్కచోట ఉంటే నేను సుమిదా వైపే మొగ్గుతాను.

డౌటు_రాయుడు:

ఇదంతా సరే. రేటెంత ఉంటుంది? ఆ పేరుమోసిన జపాన్ చిత్రకారుడు హొకుసాయి వేసిందైతే కోట్లు కదా? అప్పుడు ఫ్రేమ్ షాపు వాళ్ళకి కమిషన్ రాదా?

టోక్యో_పిన్ని:

రాయుడు గారూ, రేటు నేను చెప్పను. ఫొటో చూసి చెప్పేవాళ్ళని నమ్మకండి కూడా. ముందు చెయ్యాల్సింది భూతద్దం పెట్టి చూడటం. మొహాల దగ్గర వరసగా చుక్కలు కనిపిస్తే అచ్చు బొమ్మ. చుక్కలు లేకపోతే చేత్తో వేసింది కావొచ్చు. యొకొహామా రేవులో ఓడల వాళ్ళకి అమ్మడానికి చేత్తో వేసినవీ బోలెడు. సంతకం ఉన్నంత మాత్రాన ఆ పేరుగలాయనే వేశాడనుకోకూడదు.

కాలం సంగతి బట్టల్లోనూ జుట్టులోనూ దొరుకుతుంది. ఆడవాళ్ళ చెంపల పక్క జుట్టు రెండువైపులా అడ్డంగా విచ్చుకుని, అవతలివైపు కనిపించేంత పలచగా ఉందా? 1770ల నుంచి ఓ ఇరవై ఏళ్ళు అదే ఫ్యాషన్. నడికట్టు ముడి ముందుకి ఉంటే ఎక్కువగా వేశ్యలు. నోరు తెరిచి నవ్వుతున్నామె పళ్ళు నల్లగా ఉంటే పెళ్ళయినావిడ అయ్యుండొచ్చు, పెళ్ళయినవాళ్ళు పళ్ళకి నలుపు పెట్టుకునేవారు. అయితే ఇవన్నీ బొమ్మ ఏ కాలాన్ని చూపిస్తోందో చెప్తాయి, ఎప్పుడు వేశారో చెప్పవు. వంద ఏళ్ళ తర్వాత కూడా ఆ జుట్టే వేసి అమ్మినవాళ్ళున్నారు.

హొకుసాయి అనగానే కోట్లు గుర్తొస్తాయి గానీ, ఈ నదీ ఈ పడవలూ ఆడవాళ్ళూ అంటే నాకు గుర్తొచ్చేది చోబున్‌సాయి ఎయిషి (1756–1829). సమురాయ్‌ల ఇంట పుట్టి, షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) కొలువు వదిలేసుకుని ఇలాంటి బొమ్మలు వేసుకున్నాడు. ఆయన వేసిన సుమిదా బొమ్మ ఒకటి 1800 ప్రాంతంలో క్యోటోకి వెళ్ళి, ఒకప్పుడు సింహాసనం మీద కూచుని పాలించి తప్పుకున్న గో-సకురమాచి మహారాణి దగ్గరికి చేరింది. ఎడో జనం సాయంత్రం సరదా రాజమందిరంలోకి వెళ్ళి కూచుందన్నమాట.

కాకినాడ_ఫ్రేమ్స్:

పిన్నిగారూ, మాస్టారూ, అందరికీ థాంక్స్. పెట్టె ఫొటోలు పైన పెట్టాను. మూత మీద రాత బయటే ఉంది, లోపల ఏమీ లేదు.

షాపు మూసేశాక ట్యూబ్‌లైటు కింద భూతద్దంతో చూశాం. చుక్కల్లేవు. పట్టు పోగులు అడ్డం నిలువూ తెలుస్తున్నాయి, రంగు పోగుల మధ్యలోకి దిగింది. ఆడవాళ్ళ మొహాల తెలుపు మాత్రం పోగుల పైన మందంగా కూచుంది. వాయిస్తున్నామె చెంప మీద అది పెచ్చులా లేచింది, కింద పట్టు కనిపిస్తోంది. జుట్టు మీరన్నట్టే ఉంది, ఆ జుట్టులోంచి వెనకామె చీర రంగు, అదే కిమోనో రంగు, కనిపిస్తోంది. దాన్ని ఏ బ్రష్షుతో వేశాడో నాకు అర్థం కాలేదు. చంద్రుడికి రంగు లేదు, నిజంగా వట్టి పట్టే. మా కుర్రాడు అది చూసి అరిచినంత పని చేశాడు.

కస్టమర్ గారు మొదట విసుక్కున్నారు. మీరు రాసింది చదివి వినిపించాను. కొయ్యడం మానుకున్నారు గానీ, పెట్టెలో పెట్టుకుని ఏం చేసుకోను, ఎండాకాలమైనా పెట్టుకోనివ్వండి అంటున్నారు. మా ఊరి గాలికి ఎలా పెట్టాలి? బొమ్మ మీద అడ్డంగా మడత గీతలు కూడా ఉన్నాయి. వానాకాలం సంగతేంటి?

గోదారి_గట్టు:

వేపాకు వేసి బీరువాలో పెట్టండి, పురుగు రాదు.

టోక్యో_పిన్ని:

వేపాకు వద్దు నాయనా, పచ్చి ఆకులో తడి ఉంటుంది, పట్టుకి మరక పడుతుంది.

ఫ్రేమ్స్ గారూ, లేచిన తెలుపు ఆల్చిప్పల పొడి. వేలు పెట్టకండి, గుడ్డతో తుడవకండి, వేలాడదీసే ముందు ఎవరైనా పట్టు బొమ్మలు బాగుచేసేవాళ్ళకి చూపించమనండి. అది నిలబెట్టించుకున్నాక ఎండాకాలంలో కొన్ని వారాలు పెట్టుకోవచ్చు. జపాన్ లెక్క మీకెందుకు, మీ ఎండాకాలం ఉగాది నుంచే కదా. కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగోడకి, వంటింటి గోడకి దూరంగా. అన్నిటికంటే ముందు సీలింగ్ ఫ్యాను సంగతి చూడండి. గాలికి కింది కర్ర గోడకి టకటక కొట్టుకుని చుట్ట చిరుగుతుంది. ఇక్కడ ఆ కర్ర రెండు చివర్లకీ చిన్న బరువులు వేలాడదీస్తారు, అయినా ఫ్యాను నేరుగా తగిలే చోటు వద్దు.

మడతలు సన్నటి కర్రకి బిగించి చుట్టడం వల్ల వచ్చాయి. దానికి మందు మీ చేతిలోనే ఉంది. తేలికపాటి చెక్కతో లావుపాటి గొట్టం చెయ్యండి, పొడుగునా రెండు బద్దలుగా తెరుచుకునేలా. లోపల సన్నకర్ర పట్టే గాడి పెట్టండి. దాన్ని కర్ర చుట్టూ మూసి, ఆ లావు మీద చుట్ట వదులుగా చుడితే కొత్త మడతలు పడవు. ఇక్కడ పెట్టెతో పాటే ఇస్తారు, మీ పెట్టెకి అంత చోటు ఉందో లేదో కొలిచి చూసుకోండి. చోటు లేకపోతే కొత్త పెట్టె చెయ్యండి, కానీ రాతలున్న పాత మూత మాత్రం పారెయ్యొద్దు.

వానాకాలమంతా పెట్టెలోనే. బయటిగోడకి ఆనుకున్న బీరువాలో వద్దు. మీ తీరంలో డిసెంబరు దాకా తేమే కాబట్టి, సంక్రాంతి దాటాక పొడిగా ఉన్న రోజు చూసి నీడలో కాసేపు విప్పి గాలి తగలనిచ్చి మళ్ళీ చుట్టెయ్యమనండి.

కాకినాడ_ఫ్రేమ్స్:

గొట్టం చేసేస్తాం, మా వడ్రంగి ఉన్నాడు. ఆఖరిగా ఒకటి. వాళ్ళ మేడమ్‌గారికి సోఫా వెనక గోడ బోసిగా ఉండకూడదట. బంగారు బీడింగ్ కూడా సెలెక్ట్ చేసేశారు. బొమ్మని మంచి కెమెరాతో ఫొటో తీయించి, అదే సైజులో ప్రింట్ వేయించి దానికి ఫ్రేమ్ కట్టి ఇస్తే ఎలా ఉంటుంది? అది నాకు ఒక్క పూట పని.

టోక్యో_పిన్ని:

భేషుగ్గా ఉంటుంది. ఫ్లాష్ వద్దు, నీడపట్టున పగటి వెలుతురులో తీయించండి. ప్రింట్ ఏడాదంతా ఉంచుకున్నా ఎవరికీ నష్టం లేదు, వెలిసిపోతే ఇంకోటి వేసుకుంటారు.

కాకినాడ_ఫ్రేమ్స్:

గుడ్డతో సహా తియ్యాలా, బొమ్మ ఒక్కటే చాలా?

టోక్యో_పిన్ని:

గుడ్డతో సహా. కింద గుబ్బలు కూడా పడాలి.